చెరువు నీళ్లు ఎలా ఉన్నాయో తెలియాలంటే తెల్లారకముందే లేవాలి

మా ఊరి చెరువులో చేపలు తేలిన రోజు మధ్యాహ్నం ఒకాయన నీళ్లు పరీక్షించే కిట్టు పట్టుకుని వచ్చాడు. కట్ట మీదే కూర్చుని, సీసాతో నీళ్లు ముంచి, చుక్కలు వేసి, "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందండీ, నీళ్లలో లోపమేమీ లేదు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఇంకేముంది, ఎవరో విషం కలిపారని ఊళ్లో సగం మంది తేల్చేశారు, మిగతా సగం మంది కలిపింది ఎవరో కూడా చెప్పేశారు. నిజానికి ఆయన అబద్ధం చెప్పలేదు, కిట్టూ తప్పు చూపించలేదు. ఆయన వచ్చింది రెండున్నరకి. చేపలు చచ్చింది తెల్లవారుజామున.

ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే చెరువును చూడటం సగం వచ్చేసినట్టే. చలిదేశాల సరస్సుల మీద రాసినవి చదువుకుని మన చెరువు దగ్గరికి వెళ్తే బోల్తా పడతాం, ఎందుకంటే అక్కడ కాలం మారితే వచ్చే తేడా మన దగ్గర పొద్దున్నించి సాయంత్రంలోపే వచ్చేస్తుంది. పగలంతా నీళ్లలోని నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయ్యాక అదే నాచు, చేపలు, అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని ఖర్చు పెట్టేస్తాయి. నీళ్లు ఎంత చిక్కటి పచ్చగా ఉంటే మధ్యాహ్నం లెక్క అంత ఘనంగా, తెల్లవారుజాము లెక్క అంత దీనంగా ఉంటుంది. మధ్యాహ్నం లీటరుకు 12 మిల్లీగ్రాములు చూపించిన చెరువు తెల్లారేసరికి 1కి దిగిపోవడం వింతేమీ కాదు. దానికి తోడు వేడి నీళ్లకు ఆక్సిజన్‌ని పట్టి ఉంచే శక్తి తక్కువ. 20 డిగ్రీల దగ్గర గాలి నుంచి నీళ్లు పట్టుకోగలిగింది లీటరుకు 9 మిల్లీగ్రాములైతే, 30 డిగ్రీల దగ్గర అది దాదాపు 7.5 మాత్రమే. జీతం తక్కువ, ఖర్చు ఎక్కువ అన్నట్టు.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒకే రోజు రెండుసార్లు, ఒకే చోట, నెలకు ఒకటి రెండు రోజులు, కనీసం ఏడాది పాటు చూడటం మీద నడుస్తుంది. ఒక్కసారి చూసి "మా చెరువు పాడైపోయింది" అనీ, "బంగారంలా ఉంది" అనీ అనేయకండి.

ముందు సామాన్లు

మరీ పెద్ద జాబితా ఏమీ కాదు. ఒక పాత స్టీలు పళ్లెం, 20 సెంటీమీటర్ల వెడల్పుది, అంటే దాదాపు జానెడు. సాగని నైలాన్ తాడు ఐదారు మీటర్లు. నలుపు, తెలుపు ఎనామిల్ పెయింటు చెరో చిన్న డబ్బా. నీళ్లలో ముంచే థర్మామీటరు. రొయ్యల, చేపల చెరువుల వాళ్లకు మందులు అమ్మే ఆక్వా షాపుల్లో దొరికే ఆక్సిజన్ కిట్టు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) కిట్టు, అమ్మోనియా కిట్టు (భీమవరం, కైకలూరు వైపు వాళ్లకు ఇవి కిరాణా సామాన్లంత మామూలు, మిగతా వాళ్లు తెప్పించుకోవాలి). మూత గట్టిగా పట్టే గాజు సీసాలు మూడు నాలుగు. నోటుపుస్తకం. ఇంకా తోడుగా ఒక మనిషి, ఇది మాత్రం తప్పనిసరి. చీకట్లో ఒంటరిగా చెరువులోకి దిగొద్దు, తూము తెరిచి ఉన్నప్పుడు ఆ దరిదాపులకే పోవద్దు. ఈతొచ్చినా సరే.

పళ్లాన్ని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకు నలుపు, మిగతా రెండింటికి తెలుపు వేయండి. మధ్యలో చిల్లు పెట్టి తాడు కట్టి, కింద ఒక బరువు వేలాడదీసి, తాడుకు ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టండి. దీన్ని సెకీ డిస్క్ అంటారు. ఆంజెలో సెకీ అనే ఇటలీ పాద్రీ, ఖగోళ శాస్త్రవేత్త కూడా, 1865లో మధ్యధరా సముద్రంలో ఇలాంటి పళ్లాలే దించి చూశాడు. నూట అరవై ఏళ్లయింది, ఇంకా దీని ధరకు దీన్ని మించిన పరికరం రాలేదు.

పళ్లెం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

చేపలు పట్టేవాళ్ల తెప్ప మీదో పుట్టి మీదో, నీళ్లు నడుము లోతుకు మించి ఉన్న చోటికి వెళ్లండి. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు, ఎండ నేరుగా పడని నీడ పక్కన, పళ్లాన్ని నెమ్మదిగా దించండి. కనబడకుండా పోయిన చోట తాడు గుర్తు చూసుకోండి, ఇంకాస్త దించి మళ్లీ పైకి లాగుతూ కనబడిన చోట ఇంకో గుర్తు చూసుకోండి. రెండింటి సగటే మీ లెక్క. చలువ కళ్లద్దాలు తీసేయండి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఈ లెక్కతో చేయాల్సిన మొదటి పని దాన్ని రెండు, రెండున్నరతో గుణించడం. వెలుతురు పనికొచ్చేంత మేర దిగేది దాదాపు అంత లోతుకే. పళ్లెం 40 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే పై మీటరు నీళ్లలోనే ఆక్సిజన్ తయారవుతోందన్నమాట. చెరువు మూడు మీటర్ల లోతైతే కింది రెండు మీటర్లకు సంపాదన లేదు, తినడమే. నాకు ఇది లెక్కగట్టినప్పుడే మొదటిసారి భయం వేసింది.

1977లో కార్ల్‌సన్ అనే ఆయన ఈ పళ్లెం లోతు నుంచి సరస్సు ఎంత బలిసిందో చెప్పే ఒక కొలబద్ద తయారు చేశాడు. రెండు మీటర్ల లోతు దాకా కనబడితే 50 మార్కులు, మీటరైతే 60, అర మీటరైతే 70. 50 దాటితే పోషకాలు ఎక్కువైన నీళ్లు, 70 దాకా వస్తే నాచు విపరీతంగా పెరిగే నీళ్లు. వాడుకోండి గానీ మన చెరువుల దగ్గర జాగ్రత్తగా వాడుకోండి, ఎందుకంటే ఆయన లెక్క నీళ్లు మసకబారింది నాచు వల్లే అనుకుని వేసింది. మనకు ఆగస్టులో వాగు నీళ్లు వచ్చి పడితే పళ్లెం పది సెంటీమీటర్ల దగ్గరే మాయమవుతుంది, అది నాచు కాదు, ఎర్రమట్టి. తేడా పట్టడం తేలికే: లీటరు నీళ్లను తెల్లటి నూలు గుడ్డలో నాలుగు మడతల మీద వడకట్టండి. గుడ్డ మీద పచ్చ మరక మిగిలితే నాచు, గోధుమరంగు మరకైతే మట్టి. మట్టి నీళ్లను చూసి హడలిపోవాల్సిన పని లేదు.

అసలు పరీక్ష

ఆక్సిజన్. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు మధ్య ఒకసారి. చాకిరేవు దగ్గర, గేదెలు దిగే చోట, గాలికి చెత్తంతా కొట్టుకొచ్చే మూల నీళ్లు తీయొద్దు. సీసాను మూతి కిందికి పెట్టి మోచేతి లోతు దాకా ముంచి, అక్కడ తిప్పి నింపి, నీళ్ల అడుగునే మూత బిగించండి. లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్లీ పట్టండి, ఇందులో మొహమాటం వద్దు.

చాలా కిట్లలో మొదటి రెండు మందులు వేయగానే నీళ్లలో మడ్డి పేరుకుంటుంది. అక్కడే సగం కథ తెలిసిపోతుంది: ముదురు గోధుమరంగు మడ్డి అయితే ఆక్సిజన్ ఉంది, తెల్లగా విరిగిన పాలలా కనబడితే దాదాపు లేనట్టే. మూడో మందు ఆమ్లం, చేతికి గ్లోవ్స్ వేసుకోండి. మడ్డి కరిగి పసుపు రంగు వచ్చాక, రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. ఈ పద్ధతి 1888లో వింక్లర్ అనే హంగేరీ శాస్త్రవేత్త కనిపెట్టింది. ఇందులో నాకు నచ్చిన సంగతేమిటంటే మడ్డి పేరుకున్నాక తొందర లేదు, చీకట్లో చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఇంటికి తెచ్చుకుని, కాఫీ తాగి, వెలుతుర్లో చేసుకోవచ్చు.

తెల్లవారుజామున లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే చేపలకు ఢోకా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేపలకు, వన్యప్రాణులకు పెట్టిన హద్దూ ఇదే, స్నానాలకైతే 5. రెండుకు దిగితే బొచ్చె, శీలావతి లాంటివి పైకొచ్చి మూతులు తెరిచి గుటకలు వేయడం చూస్తారు. ఒకటి లోపైతే బుట్టలు తెచ్చుకోవడమే. ఇక మధ్యాహ్నం లెక్క: 7, 8 ఉంటే నెమ్మదైన చెరువు. 12, 14 ఉంటే సంతోషపడకండి, దాని తెల్లవారుజాము లెక్క పక్కన పెట్టి చూడండి. ఆ రెండింటి మధ్య తేడాయే నేను అన్నింటికంటే ఎక్కువగా నమ్మే అంకె. తేడా పెరుగుతూ పోతోందంటే చెరువు బలుస్తోంది, ఒక నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే కథ ముగుస్తుంది.

"మా చెరువులో కొర్రమీను పుష్కలంగా ఉంది, నీళ్లు బాగుంటేనే కదా" అనే మాట చాలా ఊళ్లలో వింటాను. కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది, మార్పు చేప కూడా అంతే. మిగతావన్నీ పోయి ఇవే మిగిలితే అది మంచి కబురు కాదు. జిలేబీ చేప కూడా మురికికి జంకదు. అడుగు బురద గుప్పెడు తీసి తెల్లటి పళ్లెంలో కలిపి చూడండి, సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ కనబడకపోతే కింద ఊపిరాడట్లేదని లెక్క. ఆ పురుగులు ఎర్రగా ఉండేది మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వల్లే, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ దాంతో లాక్కుని బతుకుతాయి. తూనీగ పిల్లలు, నత్తలు, ఆల్చిప్పలు కూడా కలిసి కనబడితే పరవాలేదు.

పీహెచ్ కూడా అదే రెండు వేళల్లో చూడండి. పొద్దున 7.5 ఉండి మధ్యాహ్నం 9 దాటిందంటే నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ అంతా లాగేసింది. ఇది ఎందుకు ముఖ్యమంటే, మురుగుతో వచ్చే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర దాదాపుగా విషం కాని రూపంలోనే ఉంటుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 9కి వెళ్తే అందులో సగానికి కొంచెం తక్కువ విషంగా మారిపోతుంది. అమ్మోనియా అంకె అదే, పొద్దున ఏమీ కాని చేప మధ్యాహ్నానికి గిలగిల్లాడుతుంది. కిట్టు చూపించే అమ్మోనియా అంకెను పీహెచ్, వేడి పక్కన రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

పై నీళ్లు, కింది నీళ్లు

బిరడా పెట్టిన సీసాకు రాయి కట్టి అడుగుకు దించి, బిరడాకు కట్టిన రెండో తాడు లాగితే అడుగు నీళ్లు నిండుతాయి. దాని వేడి, వాసన, ఆక్సిజన్ చూడండి. సీసా నిండేటప్పుడు కలిసే గాలి వల్ల ఆక్సిజన్ కాస్త ఎక్కువే చూపిస్తుంది, అయినా సంగతి తెలుస్తుంది. పైన 32, కింద 29 డిగ్రీలు అంటే "మూడు డిగ్రీలే కదా" అనిపిస్తుంది. కానీ నీళ్లు వేడిగా ఉన్నప్పుడు ఒక్క డిగ్రీ తేడాకే బరువులో వచ్చే తేడా చాలా ఎక్కువ. 29 నుంచి 30కి పోయేటప్పుడు వచ్చే తేడా, 4 నుంచి 5కి పోయేటప్పటి దానికి ముప్ఫై రెట్ల పైనే. అందుకే మన ఎండల్లో ఆ కొద్ది తేడాకే నూనె తేలినట్టు పై నీళ్లు పైనే, కింది నీళ్లు కిందే ఉండిపోతాయి. లోతు తక్కువ చెరువులో రాత్రి చల్లబడితే కలిసిపోతాయి, లోతైన రిజర్వాయర్లలో ఎండాకాలమంతా అలాగే నిలిచి చలికాలంలో కలుస్తాయి. ఈలోగా అడుగున ఆక్సిజన్ అయిపోయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలవుతుంది. నాచుకు ఎరువులా పనిచేసే ఫాస్ఫరస్, బురద పట్టి ఉంచింది, అది కూడా ఊడి నీళ్లలోకి వస్తుంది. మురుగు ఆపేసినా ఏళ్ల తరబడి నాచు తగ్గకపోవడానికి కారణం ఇదే.

మా చేపలు తేలింది కూడా ఇలాగే. మూడు రోజులు మబ్బు, నాలుగో రాత్రి చల్లటి గాలివాన. పైదీ కిందదీ కలగలిసిపోయి అడుగున ఉన్న ఆ కుళ్లు నీళ్లన్నీ పైకొచ్చాయి. విషం కలిపిన మనిషి లేడు. తొలకరి వానలప్పుడూ, ఎండాకాలం చివర గాలివానలప్పుడూ తెల్లవారుజామున చెరువు దగ్గరికి తప్పకుండా వెళ్లమనేది అందుకే.

ఆకుపచ్చ పెయింటు పోసినట్టు కనబడితే

గాలి వాలు మూలలో నీళ్ల మీద పెయింటు ఒలికినట్టు చిక్కటి పచ్చ తెట్టు చూశారా? ఒక కర్ర ముంచి ఎత్తండి. జుట్టులా పీచులు పీచులుగా కర్రకు చుట్టుకుంటే మామూలు పాచి. పెయింటులా కర్రకు పట్టి కారితే నీలి ఆకుపచ్చ నాచు, సైనోబాక్టీరియా అని అనుమానించాలి. సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. మామూలు నాచు అడుగుకు దిగుతుంది, ఇది చాలా వరకు పైకి తేలుతుంది. చేత్తో ముట్టొద్దు, గొడ్లను ఆ మూలకు పోనివ్వొద్దు, తాగితే చనిపోవచ్చు కూడా. కాచి తాగితే సరిపోతుందనుకోవద్దు, ఇందులో మైక్రోసిస్టిన్ అనే విషం మరిగిస్తే పోదు. తాగునీటిలో అది లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది, అంత చిన్న లెక్క ఇంట్లో తేలదు. తెట్టు కనబడిందంటే ఫొటోలు తీసి, తేదీ రాసి, పంచాయతీకీ పశువుల డాక్టరుకీ వెంటనే చెప్పండి.

కారణం చెరువులో ఉండదు, పైన ఉంటుంది

హైదరాబాద్‌నే చూడండి. హుస్సేన్ సాగర్ 1562 నాటిది. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఒకే ఎండ, ఒకే వాన. హుస్సేన్ సాగర్‌లోకి నగరం మురుగు నాలాలు దశాబ్దాలుగా వచ్చి పడ్డాయి, జంట జలాశయాలు మాత్రం తాగునీళ్లు ఇస్తూ వచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు, కాలనీలు రాకుండా 1996 నాటి జీవో 111 ఉండేది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది.

కాబట్టి అంకెలు రాసుకున్నాక ఒక ఆదివారం చెరువును వదిలేసి, నీళ్లొచ్చే వాగు వెంట పైకి నడవండి. గొలుసుకట్టు చెరువైతే పై చెరువు అలుగు దాకా (మత్తడి అంటారు మనలో సగం మంది) వెళ్లండి. ఎక్కడ మురుగు కాలువ కలుస్తోంది, ఎక్కడ కోళ్లఫారం ఎరువు కుప్ప పోసి ఉంది, ఏ పొలం నుంచి యూరియా, డీఏపీ వానకు కొట్టుకొస్తోంది చూడండి. ప్రతి కలయిక దగ్గర కలవకముందు పైన ఒక సీసా, కలిశాక కింద ఒక సీసా పట్టండి. ప్రతి దానిలో నీళ్లకు ఆ రోజు ఆక్సిజన్ చూసి, ఇంకో నిండు సీసాను నల్లగుడ్డ చుట్టి మూడు రోజులు చీకట్లో పెట్టి మళ్లీ చూడండి. పడిపోయిన లెక్కే ఆ నీళ్ల ఆకలి. ల్యాబుల్లో బీవోడీ అనేది ఇదే, మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చేస్తారు. స్నానాల నీళ్లకు అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మూడు రోజులకు ఆక్సిజన్ సున్నా అయిపోతే, కొత్త సీసా నీళ్లను గాలి బాగా కలిపిన మంచి నీళ్లతో పదింతలు పలచన చేసి మళ్లీ చేయాలి. ఇంటి లెక్క కోర్టులో నిలవదు గానీ, ఏ కాలువ మీద ల్యాబుకు డబ్బు ఖర్చు పెట్టాలో మాత్రం చెబుతుంది.

నీళ్లు ఉప్పగా మారుతున్నాయని అనుమానం ఉంటే ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పును కరెంటు పారే తీరుతో చూపేది) అరువు తెచ్చుకుని మే నెలలో చూడండి, సాగునీటికి సెంటీమీటరుకు 2250 మైక్రోసీమెన్స్ హద్దు. కడప వైపు పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది, చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెబుతుంది. ఆ దోషాల్లో చవుడు నేల ఒకటి. ఆరున్నర వందల ఏళ్ల కిందటే రాయి మీద చెక్కించారు, మనం మీటరు పట్టుకుని తిరుగుతున్నాం.

ఇక బాగు చేయడం

గుర్రపుడెక్క తీయడం ఊరంతా కలిసి చేసే పండగలా అయిపోయింది, ఫొటోలు కూడా బాగా వస్తాయి. తీసి కట్ట మీదే కుప్ప పోస్తే మాత్రం మొదటి వానకే అందులోని సారమంతా తిరిగి చెరువులోకే. దూరంగా తీసుకెళ్లి కంపోస్టు చేయండి. పూత రాకముందే తీయండి, విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. కలుపు మందు కొట్టొద్దు, అంత ఆకూ ఒకేసారి కుళ్లితే ఆక్సిజన్ మొత్తం అదే తినేస్తుంది. గడ్డి చేపల్ని వదిలితే ఇది పోతుందనుకోకండి, వాటికి నీళ్లలో మునిగి ఉండే మెత్తటి మొక్కలు ఇష్టం, దీన్ని పెద్దగా ముట్టవు. తుంగ, జమ్ము మాత్రం వాగు కలిసే చోట ఒక బారు ఉంచండి, వచ్చే బురదనూ ఎరువునూ కొంత అవే పట్టేస్తాయి. "గడ్డి పెరిగిపోయింది" అని అది కూడా పీకేసి సిమెంటు కట్టిన చెరువులు చూశాను, రెండో ఏడాదికే పచ్చ పెయింటు.

బ్లీచింగ్ పౌడరు చల్లడం, పేరు తెలియని ద్రావణాలు డ్రమ్ములకొద్దీ పోయడం దండగ. ఫౌంటెన్ అందానికి బాగుంటుంది, ఆ చుట్టుపక్కల చేపలకు ఒక రాత్రి గడుస్తుంది, అంతకు మించి ఆశించకండి. పూడిక తీసి పొలాలకు తోలడం మాత్రం నిజంగా పని చేస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఆ మట్టిని రైతులే తోలుకున్నారు. చెరువుకు భారమైన ఫాస్ఫరస్ పొలానికి ఎరువు. ఒక్కటే షరతు, పైన పరిశ్రమల నీళ్లు కలుస్తుంటే ఆ మట్టిని ముందు పరీక్షకు పంపకుండా పొలంలో వేయొద్దు.

నోటుపుస్తకంలో ప్రతిసారీ తేదీ, వేళ, మబ్బో ఎండో, గాలి ఎటు నుంచి, తూము దగ్గర ఎన్నో మెట్టు దాకా నీళ్లున్నాయి, పళ్లెం లోతు, పైనా కిందా వేడి, ఆక్సిజన్, పీహెచ్, వాసన, ఏ పిట్టలున్నాయి అన్నీ రాయండి. నీటి మట్టం రాయకపోతే మిగతా అంకెలన్నీ గాల్లో వేలాడతాయి, మేలో సగానికి ఇంకిపోయిన చెరువుకూ అక్టోబరులో అలుగు పారే చెరువుకూ అంకెలు పక్కపక్కన పెట్టలేం. మొదలుపెట్టడానికి వినాయక చవితికి ముందు వారం మంచిది, నిమజ్జనం ముందు అంకెలు ఒకసారి, తర్వాత వారానికి ఇంకోసారి. అలారం నాలుగున్నరకు పెట్టుకోండి, టార్చిలో కొత్త సెల్లు వేయండి, తోడొస్తానన్న మనిషికి ముందు రోజు రాత్రే ఇంకోసారి ఫోన్ చేయండి.